కుర్చీలోంచి లేపే మాట

పోయిన వారం మన కోడలిని మాటల గది గుమ్మంలో, తెరిచిన నోరు తెరిచినట్టే వదిలేసి వచ్చేశాం. ఆఖరి పరీక్షకి ఆఖరి మనిషి వచ్చారంటే వెళ్ళి తలుపు తీసింది. ఎదురుగా చేతిసంచీతో అత్తగారు.

ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆ ఊరికి ఏడు ఆఫీసులు, ఏడింటికీ వేరువేరు కంప్యూటర్లు. నీళ్ళవాళ్ళ దగ్గర ‘ఫిర్యాదు’ అని బయల్దేరిన మాట రోడ్లవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ‘వినతి’ అయ్యేది, తోటలవాళ్ళ దగ్గర ‘ఇతరములు’లో పడేది. ఇతరములులో పడ్డ మాట మళ్ళీ బయటికొచ్చిన దాఖలా లేదు. అందుకని జనం ఏం చెప్పినా ఏడు ఆఫీసులకీ ఒకేలా వినపడేట్టు ఒకే మాటల వరస తయారు చెయ్యమని మాటల గదికి అప్పజెప్పారు. ఆ గదిలో ఉన్నది ముగ్గురు. పెద్దమేడం. కంప్యూటర్లని ఒకదానికొకటి కలిపే ఆయన; ఏం చెప్పాలన్నా ముందు “ఆగండాగండి” అంటాడు కాబట్టి ఆఫీసంతా ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తుంది. మూడోది కోడలు. ఫోన్లో జనం గోడు వినే ఉద్యోగంలోంచి తాత్కాలికంగా తెచ్చారు. ఇవాళ ఆ మాటలు ఇక మారకుండా తాళం పడితే ఈ గదిలో ఆమె కుర్చీ ఖాయమవుతుంది.

ఇక వీధి సంగతి. కోడలివాళ్ళ వీధి ఎత్తు మీదుంది. వీధి చివరి మెట్లు దిగితే పెద్ద రోడ్డు, బస్సు, ఆసుపత్రి. రోడ్ల ఆఫీసువాళ్ళు ఆ మెట్లు తవ్వేసి, గోడ లేపి, కింద కార్లు పెట్టుకునే చోటు చేస్తామన్నారు. తవ్వే యంత్రం వచ్చి వీధి మలుపులో నిలబడి కూడా ఉంది. కానీ వీధివాళ్ళ మాట ఒక్కటైనా రోడ్ల ఆఫీసుకి అందేదాకా పని మొదలుపెట్టకూడదని నియమం. అందుకే వీధి వీధంతా ఒట్టేసుకుంది, ఎవరూ ఏ బటనూ నొక్కకూడదని. ఆ ఒట్టు వేయించిన పెద్దమనిషే ఇప్పుడు గుమ్మంలో నిలబడింది.

“బుడ్డదేదత్తయ్యా?” కోడలి నోట ముందు వచ్చింది కూతురి మాటే.

“గదిలో పెట్టి తాళమేసొచ్చా.” కోడలి మొహం చూసి అత్తగారే మెత్తబడింది. “ఏమే ఆ చూపు! పక్కింటి పిన్నిగారి ఒళ్ళో ఉంది. ముక్కు కారుతోంది గానీ ఒళ్ళు చల్లగానే ఉంది.”

“మందు పోశారా?”

“పోశా. సగం అది తాగింది, సగం నా చీర తాగింది. ఇంతకీ లోపలికి రానిస్తావా, ఇక్కడే పరీక్ష పెడతావా?”

మాటల గదిలో పరీక్షకి ఒక పద్ధతి ఉంది. బయటి మనిషిని తెర ముందు కూర్చోబెట్టి, మీరు చెప్పాలనుకున్నది చెప్పండి అనాలి. అంతే. తర్వాత గదిలోవాళ్ళెవరూ పెదవి విప్పకూడదు, వేలు చూపించకూడదు. వేలు ఊరుకోదు కాబట్టి అందరూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. బడిలో తప్పు చేసిన పిల్లల్లా ముగ్గురు పెద్దవాళ్ళు అలా నిలబడితే చూడ్డానికి నవ్వొస్తుంది గానీ, ఆ పద్ధతి పెట్టాకే తెలిసింది, జనానికి ఏ మాట అర్థమవుతుందో, ఏది గదిలోవాళ్ళు వేలు చూపించబట్టి అర్థమవుతోందో. ఫోన్లు కూడా డ్రాయర్లోనే. బుడ్డదానికి కొంచెం నలతగా ఉన్న రోజున ఆ డ్రాయరు మూస్తుంటే కోడలికి తన గుండెనే అందులో పెట్టి మూసినట్టుంటుంది. ఇవాళా అలాగే మూసింది.

అత్తగారు కుర్చీలో సర్దుకుని కూర్చుంది. కళ్ళజోడు తుడుచుకుంది. తెర వైపు కాదు, కోడలి వైపు చూసింది.

“ఒక్క మాట ముందే చెప్పు. ఇది ఉత్తుత్తిదే కదా? నేనేం నొక్కినా ఎక్కడికీ పోదు కదా? వీధికి మాటిచ్చి వచ్చాను.”

“ఎక్కడికీ పోదత్తయ్యా. అద్దం ముందు మాట్లాడుకున్నట్టే. మీ మాట ఈ గది దాటదు, పూచీ నాది.”

“ఆగండాగండి...” అన్నాడు వెనకనుంచి ఆగండాగండి.

“చేతులు వెనక్కి,” అంది పెద్దమేడం. “పరీక్ష మొదలైంది.”

ఆయన రోజుకి ఎన్నోసార్లనే మాట కదా, ఎవరూ వెనక్కి తిరగలేదు. ఆయనా చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

తెర మీద ఆవిడ వీధి మెట్ల పని పేరు, దాని కింద ఐదు మాటలు. సూచన. సమస్య. ప్రశ్న. మెచ్చుకోలు. ప్రమాదం. ఆ ఐదింటి కోసం గోడ నిండా రంగు కాగితాలు అంటించి, పీకి, మళ్ళీ అంటించి, వాదించుకుని, అలిగి, టీలు తాగి ఇన్నాళ్ళూ గడిపారు.

“మెట్లు తియ్యొద్దని చెప్పాలి,” అంది అత్తగారు పైకే. “చూద్దాం.”

ముందు ‘సమస్య’ నొక్కింది. మెట్లు విరిగాయా, జారుతున్నాయా, దీపం వెలగడం లేదా అని అడిగింది తెర. “మెట్లకేం, మహారాజుల్లా ఉన్నాయి. సమస్య మీరే,” అని వెనక్కి వచ్చింది. ‘ప్రశ్న’ నొక్కింది. మీ ప్రశ్నకి జవాబు పంపబడుతుంది అంది తెర. “నాకు జవాబెందుకు? నేనే జవాబు చెబుతుంటేనూ!” ‘మెచ్చుకోలు’ దగ్గర వేలు కాసేపు ఆగింది. కోడలి వైపు ఓరగా చూసి, “దీని జోలికి మనం పోవద్దులే” అంది. పెద్దమేడం దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకుంది.

మిగిలింది ‘సూచన’. అది నొక్కగానే తెర మర్యాదగా పలకరించింది: మెట్ల స్థానంలో రాబోయే గోడ గురించి మీ సూచన ఏమిటి? ఎత్తా, దీపాలా, రంగా?

అత్తగారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది.

“ఏమ్మా, ఇల్లు కూల్చేవాడు వచ్చి గుమ్మానికి ఏ రంగెయ్యమంటారని అడిగినట్టుందే ఇది! సరే, రంగు.” నొక్కింది. పలకలు పలకలుగా రంగులు వచ్చాయి. “పచ్చ. ఆకుపచ్చ వెయ్యండి, కళ్ళకి చలవ.” అదీ నొక్కింది. తెర ధన్యవాదాలు చెప్పింది.

కోడలు వెనక్కి కట్టుకున్న చేతుల్ని ఇంకా గట్టిగా బిగించుకుంది.

అత్తగారు కుర్చీ తిప్పుకుని ముగ్గురి వైపూ కూర్చుంది. “నా మాట ఇందులో లేదమ్మా. అన్నీ ఎలా చెయ్యమంటారు, ఎలా చెయ్యమంటారు అనేవే. ‘వద్దు’ అనేది ఏదీ?”

“పరీక్ష అయిపోయింది, మాట్లాడొచ్చు,” అంది పెద్దమేడం చేతులు ముందుకి తెచ్చుకుంటూ. కుర్చీ లాక్కుని అత్తగారికి ఎదురుగా కూర్చుంది. ఆమెకి కోపం రాలేదు. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్న మనిషిలా ఉంది. “పెట్టొచ్చండీ. ‘వద్దు’ అని అందంగా, ఎర్రగా, పెద్దగా పెట్టొచ్చు. మీరు నొక్కుతారు. ఆ తర్వాత ఏమవుతుంది?”

“వాళ్ళు మానేస్తారు.”

“ఎవరు మానేస్తారు? ఏ ఆఫీసులో ఏ మనిషి దాన్ని చూడాలి? చూసి ఏం చెయ్యాలి?” గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించిన కాగితం చూపించింది. ‘ఏ మాట వింటే ఏదో ఒక ఆఫీసులో ఎవరో ఒకరు కుర్చీలోంచి లేస్తారో, అదే మాట.’ “ఇది నేను పెట్టిన షరతు. ‘సమస్య’ అంటే బాగుచేసేవాడు లేవాలి. ‘ప్రశ్న’ అంటే జవాబు రాసేవాడు లేవాలి. ‘వద్దు’ అంటే ఎవరూ లేవరు. ఏడు ఆఫీసుల్లోనూ అడిగాను. బతిమాలాను. ఎవరూ ఒప్పుకోలేదు.”

“ఒప్పుకోకపోతే?”

“ఒప్పుకోకుండా పెడితే, గంటకి తగిలించని బెల్లు స్విచ్చు అవుతుంది. మీరు గుమ్మంలో నిలబడి నొక్కుతూనే ఉంటారు, లోపల ఎవరికీ వినపడదు. పాతదాంట్లో ‘అభ్యంతరం’ అని ఉండేదిలెండి. మా నాన్న కూడా నొక్కారు, మా ఇంటి వెనక కాలవ పూడ్చేటప్పుడు. చెప్పాను, నమోదైంది, ఇంకేం భయం లేదు అని నిబ్బరంగా కూర్చున్నారు. కాలవ పూడ్చేదాకా అలాగే కూర్చున్నారు. నేనీ ఉద్యోగంలోకి వచ్చి ముందు చేసిన పని ఆ బటన్ పీకెయ్యడం.”

కోడలికి ఇద్దరి మాటా నిజమే అనిపించింది. అదే ఆమెకున్న పెద్ద జబ్బు. ఇంట్లో మొగుడికీ అత్తగారికీ మాట వచ్చినా అంతే, మధ్యలో నిలబడి ఇద్దరికీ తలూపుతుంది.

“మీ నాన్నగారికి మోసం జరిగిందమ్మా, నేను కాదనను,” అంది అత్తగారు నెమ్మదిగా. “కానీ మీరు చేసిందేంటి? గంట మోగట్లేదని స్విచ్చు పీకేశారు. గంట బిగించలేదు.”

“బిగించే అధికారం నాకు లేదండీ,” అంది పెద్దమేడం. “ఉన్నంతలో అబద్ధం లేకుండా చేశాను.”

“సరే. మరి ఈ ఐదింట్లో, నొక్కితే ఖాయంగా మనుషులు లేచేది ఏది? గ్యారంటీగా?”

అడగడం అందరినీ అడిగింది గానీ, జవాబు ఆగండాగండి నుంచి వచ్చింది. నిజం అడిగితే దాచుకోవడం చేతకాని మనిషి. “ప్రమాదమండీ. అది రోడ్లవాళ్ళకి పోదు, సూటిగా మంటలార్పే వాళ్ళకి పోతుంది. నొక్కితే బండి బయల్దేరాల్సిందే. నిజమా కాదా అని కూడా అడగరు.”

“ఓహో,” అంది అత్తగారు. చేతిసంచీ భుజానికి వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి కోడలి చెంప మీద అంటిన సిరా మరక బొటనవేలితో తుడిచింది. “సాయంత్రం తొందరగా రా. అది నిన్ను చూడందే మందు మింగదు.”

ఆవిడ వెళ్ళాక పెద్దమేడం పరీక్ష కాగితం కోడలి ముందుకి జరిపింది. ‘వచ్చినవారందరూ తాము చెప్పదలచినది చెప్పగలిగారు’ అని ఉంది. కింద కోడలి సంతకం కావాలి. అది పడితేనే తాళం.

“నేను బలవంతపెట్టను,” అంది పెద్దమేడం. “కానీ ఇవాళ తాళం పడకపోతే ఏడు ఆఫీసులూ మళ్ళీ ఎవరి దారి వాళ్ళది. నీళ్ళు రావట్లేదన్న మాట కూడా మళ్ళీ ఇతరములులోకే పోతుంది. ఆలోచించుకో.”

కోడలు ఆలోచించింది. నిజం చెప్పాలంటే ఆలోచించింది మాటల గురించి తక్కువ, తన కుర్చీ గురించి ఎక్కువ. బడి మధ్యలో మానేసిన తనకి ఇలాంటి గదిలో కుర్చీ మళ్ళీ ఎవరిస్తారు? బుడ్డదానికి రేపు ఏదైనా అయితే చేతిలో డబ్బు లేకుండా ఏ మొహం పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాలి? సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టడానికి ఎంతసేపు ప్రయత్నించినా పట్టలేదు. ఆగండాగండి చేతిలోంచి తీసుకుని తనే పెట్టాడు.

తాళం పడింది. ఇక ఆ ఐదు మాటల్లో ఒక అక్షరం కదలాలన్నా ఏడు ఆఫీసులూ మళ్ళీ కూర్చోవాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక జనం తమ ఫోన్లలోంచే నొక్కేట్టు తెర తెరిచారు. అన్ని వీధులకీ ఒకేసారి తెరిస్తే తట్టుకోలేమని ముందుగా ఒకే ఒక్క వీధికి. తెలిసిన మనిషి ఉంది కదా అని కోడలి వీధికే. జనం ఏం నొక్కినా ఆ గది గోడ మీదున్న పెద్ద తెరలో వరసగా పడుతుంది.

“ఒట్టేసుకున్న వీధి కదా, ఎవరూ నొక్కరేమో,” అంటూ పెద్దమేడం టీ గ్లాసు అందుకుంది. గ్లాసు పెదవిదాకా రాలేదు, తెర మీద మొదటి వరస పడింది.

ప్రమాదం. మెట్ల దగ్గర.

దాని కింద ఇంకోటి. ప్రమాదం. మెట్ల దగ్గర. ఆ తర్వాత ఆగలేదు. వాన మొదలైనప్పుడు రేకుల మీద చినుకుల్లా ఒకటి వెనక ఒకటి. కోడలికి ఆ ఇంటి నంబర్లన్నీ తెలుసు. దర్జీ ఇల్లు. బడిపంతులమ్మ ఇల్లు. ఎప్పుడూ తలుపు తియ్యని మేడవాళ్ళు కూడా.

“అమ్మగారు అనుకున్నంతపనీ చేశారు!” అన్నాడు ఆగండాగండి. గొంతులో భయం ఉంది, కొంచెం మెచ్చుకోలు కూడా ఉంది.

పెద్దమేడం ఫోను మోగింది. మంటలార్పే ఆఫీసు పెద్ద. గట్టిగా మాట్లాడే మనిషి, గదంతా వినపడుతోంది. “ఏంటండీ ఇది? ఒక్క వీధినుంచి ఇన్నా? ఉన్న బళ్ళన్నీ అక్కడికే పంపితే ఇంకోచోట నిజంగా అంటుకుంటే ఏం చెయ్యను? ఆటా, నిజమా, ముందు అది తేల్చండి!”

పెద్దమేడం ఫోను చేత్తో మూసి కోడలి వైపు తిరిగింది. “ఒకే చోటినుంచి వచ్చినవి కట్టగట్టి పక్కన పెట్టే వీలుంది. మొదటి రోజు కాబట్టి ఉంచాం. కానీ ఆ వీధి సంగతి నాకు తెలియదు, నీకు తెలుసు. పొద్దున ఆవిడ అడిగింది నువ్వూ విన్నావు. చెప్పమ్మాయ్. ఉత్తుత్తివేనా? కట్టెయ్యమంటావా?”

కోడలికి ఒళ్ళు మండింది. తన ఉద్యోగం మొదటి రోజునే బజార్న పడేస్తుందా అత్తగారు! చెంప మీద మరక తుడిచిన చేత్తోనే! “కట్టెయ్యండి” అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అంతలో తెర మీద ఇంకో వరస పడింది. తన ఇంటి నంబరు.

డ్రాయరు లాగి ఫోను తీసింది. అత్తగారికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పిన్నిగారికి చేసింది. అదీ అంతే.

అప్పుడు గుర్తొచ్చింది, పెళ్ళైన కొత్తలో విన్న కథ. మొగుడు చిన్నతనంలో ఆటకి “పాము, పాము” అని అరిచి వీధిని పరిగెత్తిస్తే, అత్తగారు ఆ వీధి మధ్యనే నిలబెట్టి వీపు విమానం మోత మోగించిందట. మనుషుల భయంతో ఆడుకుంటావా అని. ఇప్పటికీ మొగుడు ఆ కథ చెబితే భుజాలు తడుముకుంటాడు. ఆ మనిషి అబద్ధపు ప్రమాదం నొక్కుతుందా?

“వద్దు,” అంది కోడలు.

“ఏంటీ?”

“వద్దు మేడం. కట్టొద్దు. పంపించమనండి. ఎందుకో నేను చెప్పలేను, కానీ వద్దు.”

తను ఎవరికైనా ఎదురుగా ఆ మాట అనడం అదే మొదలేమో. పెద్దమేడం ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, ఫోను మీద చెయ్యి తీసింది. “బళ్ళు పంపండి,” అంది. “పూచీ నాది.”

కోడలి చేతిలో ఫోను మోగింది. అత్తగారు. వెనక కేకలు, ఏదో హోరు.

“అత్తయ్యా! బుడ్డదేదీ?”

“నా ఒళ్ళోనే ఉంది, గట్టిగా మాట్లాడు, వినపడట్లేదు! మెట్ల మీద కూర్చున్నాం అందరం. యంత్రం కదిలిందే! పైమెట్లు అప్పుడే పెళ్ళగించాడు, దర్జీ మీద రాళ్ళు పడ్డాయి, కాలు కదపలేకపోతున్నాడు. ఆగరా బాబూ అంటే డ్రైవరు కాగితం చూపిస్తున్నాడు. వీధివాళ్ళ మాట అందింది, పని మొదలెట్టమన్నారు అంటున్నాడు. మీవాళ్ళు గోడకి రంగు కూడా చెప్పారంటున్నాడు.” అత్తగారి గొంతు ఒక్కసారి సన్నబడింది. “పచ్చట. ఆకుపచ్చట అమ్మాయ్.”

కోడలు మెల్లగా ఆగండాగండి వైపు తిరిగింది. ఆయన మొహంలో నెత్తురు లేదు.

“పొద్దున వస్తూనే పరీక్ష తెరని అసలుదానికి కలిపేశానండీ, మధ్యాహ్నం హడావిడి ఉండదని. అదే చెప్పబోయాను. చేతులు వెనక్కి అన్నారు. ఒక్క నొక్కుడే కదా, తర్వాత తుడిచేద్దామనుకున్నాను... తుడిచేశాను కూడా. ఇక్కడ తుడిచాను. అక్కడ అందిపోయినట్టుంది.”

“యంత్రాన్ని ఆపమనండి!” పెద్దమేడం లేచి నిలబడింది. రోడ్ల ఆఫీసుకి ఫోను కలిపింది. ఎవరో తీశారు. ఆమె చెప్పింది విన్నారు. అవతలి గొంతు చాలా మర్యాదగా ఉంది: “అలాగేనండీ. నోటిమాట మీద ఆపలేం కదా, కంప్యూటర్లో పెట్టించండి. ఏ మాట కింద పెడుతున్నారో చెప్పండి. సూచనా, సమస్యా?”

పెద్దమేడం గోడ మీది ఐదు మాటల వైపు చూసింది. ఒక్కొక్కదాన్నీ చూసింది. తర్వాత ఆగండాగండి వైపు చూసింది.

“ఆపడానికి మాట లేదండీ,” అన్నాడాయన. “మనం పెట్టలేదు కదా. ఇందాకే తాళం కూడా వేశాం.”

గదిలో ఇప్పుడు ఎవరూ కుర్చీలో లేరు. కోడలి చెవి దగ్గర ఫోన్లో బుడ్డది “అమ్మా” అంది, స్పష్టంగా, పక్కనే ఉన్నట్టు. దాని వెనకే యంత్రం హోరు పెరిగింది. ఇంకే మాటా వినపడలేదు.